ఎజ్రా ఊట దగ్గర మొదటి సంతకం

చీకటి పడ్డాక ఎజ్రా ఊట దగ్గర నోరు విప్పకూడదని మా నెవాడాలో అందరూ అంటారు. విప్పితే జవాబొస్తుందట.

ఊట ఎండిపోయి ఎనభై ఏళ్లయింది. దాని పక్కనే గుడిసె వేసుకుని బతికిన ఎజ్రా అనే ముసలాయన, దారి తప్పినవాళ్లకి దారి చెప్పేవాడట. చచ్చాక కూడా ఆ అలవాటు పోలేదంటారు. నేను నవ్వేవాణ్ణి.

మాది డబ్బాల వేట. ఎవరో ఒకరు ఎడారిలో ఓ డబ్బా దాచి, చోటు ఫోన్‌లో పెడతారు. మిగతావాళ్లం వెతికి పట్టుకుని, అందులోని చిన్న పుస్తకంలో సంతకం చేసి, అన్నీ ఉన్నవి ఉన్నట్టు సర్ది వస్తాం. అసలు గొప్పంతా మొదటి సంతకానిదే. ఎనిమిదేళ్లుగా వెతుకుతున్నాను — ఒక్కసారి కూడా అది నాది కాలేదు. ప్రతిసారీ నా తోటి వేటగాడు హోలిస్ గాడి సంతకమే. ఒకసారి నేను పుస్తకం తెరిచేసరికి వాడి సిరా ఇంకా ఆరనే లేదు.

అందుకే ఆ సాయంత్రం ఎజ్రా ఊట దగ్గర కొత్త డబ్బా అని ఫోన్ మోగగానే, తింటున్న గిన్నె వదిలేసి ట్రక్కెక్కాను.

రోడ్డు ఆగిపోయిన చోటు నుంచి గుట్ట పైకి మూడు మైళ్ల నడక. పొద్దు గుంకింది. తెచ్చుకున్న ఒక్క సీసా నీళ్లూ సగం దారిలోనే తాగేశాను... అరవై రెండేళ్ల బుర్ర మరి! ఫోన్‌లో బాణం నన్ను గుడిసె మొండిగోడల దాకా తెచ్చి, అక్కడ గిరగిరా తిరగడం మొదలెట్టింది.

అప్పుడు కనబడింది — రాళ్ల కుప్ప.

ఎడారిలో రాళ్లు వాటంతటవి వరసగా పేర్చుకోవు. మా వేటగాళ్లకి అంతకన్నా వేరే గుర్తు అక్కర్లేదు. మోకాళ్ల మీద కూలబడి రాళ్లు లాగి పారేశాను. పది... ఇరవై... కుప్ప మరీ ఇంత పొడుగేమిటన్న ఆలోచన కూడా రాలేదు.

"ఎక్కడ పెట్టి చచ్చారు?" అన్నాను, పైకే.

"అక్కడ కాదు..."

వెనక నుంచి. గుసగుసగా.

ఉలిక్కిపడ్డాను. మరుక్షణం కోపమొచ్చింది. హోలిస్ గాడే! ముందే వచ్చి నక్కి కూర్చున్నాడు.

"మరెక్కడరా?"

"ఎడమ పక్క... పొయ్యి వెనక."

మొండిగోడ పక్కన పాత పొయ్యి. వెనక చెయ్యి పెట్టాను — డబ్బా! పుస్తకం తెల్లగా ఉంది. అంతా తెలిసిన హోలిస్ సంతకం ఎందుకు చెయ్యలేదో అడగాల్సిన తెలివి నాకు లేదు. 'లైల్' అని ఇంతలేసి అక్షరాలతో రాసి, రాళ్లు ఎక్కడివక్కడే వదిలేసి, ఈల వేసుకుంటూ దిగాను.

నేను రోడ్డు దగ్గరికి వచ్చేసరికి హోలిస్ ట్రక్కు అప్పుడే వచ్చి ఆగుతోంది.

"దారిలో టైరు పేలింది," అన్నాడు దిగుతూ. చేతులు మోచేతుల దాకా నల్లగా ఉన్నాయి. "దొరికిందా?"

"నువ్వు... పైన లేవూ?"

"ఈ చేతులు చూస్తే పైన ఉన్నట్టుందా?"

అంతా చెప్పాను.

"ఆ కుప్ప... ఎంత పొడుగుంది?"

చేతులు చాపి చూపించబోయాను. చాల్లేదు.

"ఒరేయ్ లైల్... అది ఆయన సమాధిరా."

వెళ్లిపోదామంటే రాళ్లు చిందరవందర చేసిన పాపం నాది. పైకి వెళ్దామంటే ఇద్దరికీ ధైర్యం రాలేదు. తలుపులు బిగించుకుని ట్రక్కులోనే తెల్లవార్లూ కూర్చున్నాం. నేను ఏడ్చానని హోలిస్ ఊరంతా చెబుతున్నాడు. కంట్లో దుమ్ము పడింది, అంతే.

వెలుగొచ్చాక వెళ్లాం, క్షమాపణ అడిగి రాళ్లు పేర్చిపెడదామని.

ఒక్క రాయి కూడా బయట లేదు. అన్నీ ఉన్నవి ఉన్నట్టు.

హోలిస్ టోపీ తీశాడు. తర్వాత నా చెవి దగ్గరికొచ్చాడు.

"డబ్బా ఎక్కడుందో ఆయనకి నీకన్నా ముందే తెలుసు కదా?"

"తెలుసు."

"అయితే నువ్వు రెండోవాడివి."

కాదనడానికి ఏముంది? డబ్బా తీసి, నా పేరు పైన ఇరికించి 'ఎజ్రా' అని రాశాను. కింద హోలిస్ తన పేరు రాసుకున్నాడు. ఎనిమిదేళ్లలో వాడు నా కింద రాయడం అదే మొదలు.

ఎజ్రాకి థాంక్స్ చెప్పాలనిపించింది. మనసులోనే చెప్పుకున్నాను... పైకి అంటే జవాబొస్తుంది.