భుజం కట్టు

ఆ ఉదయం అటక మీది వరికట్ట అందుకుందామని ఓదిల్ చెయ్యెత్తింది. కట్ట కింద పడింది. పిల్ల మాత్రం కుడి భుజం గూటిలోంచి జారడంతో గోడకు ఆనుకుని నిలబడిపోయింది. అరవలేదు. అరవకుండా ఓర్చుకోవడం ఆమెకు అలవాటైపోయింది.

తల్లి క్లోతిల్ద్ పరుగున వచ్చి ఆ చెయ్యి పట్టుకుని నెమ్మదిగా లాగింది. భుజం టక్కున గూటిలో కూర్చుంది. తిరిగి చూస్తే గుమ్మంలో పొలం పారతో భర్త లాంబెర్.

“ఇలా ఎన్నిసార్లయిందే?” అన్నాడు.

“అప్పుడప్పుడూ. కూర్చుందిగా, ఇంకేం?”

“మొదటిసారి జారినప్పుడు ఆసుపత్రి నర్సమ్మ ఏం చెప్పింది? లేత వయసు, పైగా నీ పోలికే, కీళ్ళు వదులు. కట్టు ముందే విప్పితే మళ్ళీ మళ్ళీ జారుతుందనలేదూ? జారినప్పుడల్లా గూటి అంచు అరిగిపోతుందనలేదూ?”

నర్సమ్మ అలా అన్నది నిజమే. కానీ వాళ్ళ సీమ కాసమాన్స్‌లో అప్పటికే ఆడపిల్లల కుస్తీల రోజులు దగ్గరపడ్డాయి. పక్క ఊరి ఆడపిల్లలు బావి దగ్గరికి వస్తారు, కట్టు చూస్తే బరిలో ఏ చెయ్యి లాగాలో తెలిసిపోతుంది. ఒకప్పుడు తానూ గెలిచిన మనిషే కాబట్టి క్లోతిల్ద్‌కు ఆ సంగతి బాగా తెలుసు. నొప్పి తగ్గగానే నయమైపోయిందనుకుని తన చేత్తోనే కట్టు విప్పేసింది.

“సాయంత్రం కుస్తీ ఉంది. ఇప్పుడు మానేస్తే ఊరంతా నవ్వుతుంది,” అంది.

“నవ్వనీ. రేపు ఆ చేత్తో నారు నాటగలదా? బిడ్డనెత్తుకోగలదా?”

“కుస్తీ గురించి మీరు చెప్పాలి మరి. కల్లుకుండ తప్ప దేన్ని ఎత్తారు మీరు?”

ఇంకో రోజైతే లాంబెర్ నవ్వేవాడే. ఇవాళ కూతురి వైపే చూస్తున్నాడు.

“అమ్మా, నాకు నిద్ర పట్టట్లేదు,” అంది ఓదిల్. “పక్కకి తిరిగితే ఊడిపోతుందేమోనని చేతిని గుడ్డతో నడుముకి కట్టుకుని పడుకుంటున్నా. నువ్వు లేచేలోపు విప్పేస్తున్నా. జడ వేసుకోవాలన్నా భయమే. బరిలో ఎవరైనా చెయ్యి పట్టుకుంటే చచ్చిపోతానేమో అనిపిస్తోంది.”

“నాతో చెప్పొచ్చుగదే?”

“నువ్వెప్పుడూ దేనికీ భయపడలేదుగా. తిడతావనుకున్నా.”

క్లోతిల్ద్ అక్కడే కూలబడింది. తాను విప్పిన కట్టును పిల్ల దొంగచాటుగా కట్టుకుంటోంది. పక్కనే పడుకుని కూడా తాను చూడలేదు. అది తలుచుకుంటే ఏడుపు ఆగలేదు.

సాయంత్రం డప్పులు మొదలయ్యాక ఆమె పెట్టె తెరిచి, తాను కుస్తీలో గెలిచిన ఏడాది ఊరివాళ్ళు మెడలో వేసిన ఎర్రగుడ్డ తీసింది. దానితో కూతురి చేతిని మెడకు వేలాడేలా కట్టింది. నర్సమ్మ దగ్గరికి దొడ్డిదారి ఉంది. క్లోతిల్ద్ మాత్రం కూతుర్ని కుస్తీల మైదానం మీదుగా, పక్క ఊరి పిల్లల ముందునుంచే నడిపించింది.

“ఆ చేతికేమైంది అత్తా?” అని ఒకమ్మాయి అడిగింది.

“కుడి భుజం. జారుతుంది,” అంది క్లోతిల్ద్, అందరికీ వినబడేలా. “నేనే పాడుచేశాను. ఇక బరిలోకి దిగదు.”

డప్పులు మోగుతూనే ఉన్నాయి. ఓదిల్ మెల్లగా చేతి బరువంతా ఆ ఎర్రగుడ్డ మీదికి వదిలేసింది.