సాక్షి సంతకం పెట్టనివాడు

మౌక్తిక చూపుకు నిప్పంటించే గుణమే ఉంటే, ఆ రోజు వకీలుగారి ఆఫీసు బూడిదయ్యేది. దాన్ని ఆర్పడానికి సూరత్‌లో ఉన్న అగ్నిమాపక బండ్లన్నీ దిగేవి. తాపీ నది సగానికి సగం ఇంకిపోయేది. ఇందులో కల్పించి చెప్పింది ఒక్క ముక్క కూడా లేదు.

బల్లకు అవతల కూర్చున్న జూనియర్ వకీలు ప్రజ్వల్ అడిగిన ప్రశ్న అట్లాంటిది.

“కనకయ్యగారు మీకేమైతరు?”

“బాపు.”

“దత్తత కాగితం ఉన్నదా?”

ఉంటే ఆమె ఇక్కడికెందుకు వస్తుంది? అమ్మానాన్నలు పోయిన రెండేళ్ల పిల్లను పెద్దమ్మ ఎత్తుకొచ్చి పెంచింది. వచ్చేటప్పుడు పాలసీసా తెచ్చుకున్నారు గాని, కాగితం తెచ్చుకోవాలని ఎవరికి తోస్తుంది? ఇప్పుడు ఆ పెద్దమ్మ లేదు. ఆమె భర్త కనకయ్యకేమో మతి జారిపోతున్నది. వయసు మరపు కాదు, జబ్బేనని డాక్టరు తేల్చేశాడు.

“ఇరవై ఐదేండ్ల సంది బిడ్డనే. ఇయ్యాల నువ్వు కాగితమడిగితె కాకుండ పోతనా?”

“నేను అడిగితె ఏముందండీ. రేపు ఆయన అన్న కొడుకులు అడుగుతరు.” ప్రజ్వల్ మంచినీళ్ల గ్లాసు ఆమె వైపు జరిపాడు. “ఆయన బదులు మీరు సంతకాలు పెట్టేటట్టు ముఖ్తారునామా రాసుకుంటే సరిపోదు. మతి పూర్తిగ పోయినంక అది చెల్లది. తెలివిల ఉండంగనే వీలునామా రాయాలె. ఆయన తర్వాత అమ్రోలి ఇల్లు, సచిన్ ఊర్ల ఉన్న మగ్గాల షెడ్డు మీకు అని. లేకుంటే ఆస్తి తమదేనని, ఆయనను ఏడ ఉంచాల్నో కూడ వాళ్ళే చెప్తరు.”

మౌక్తిక నీళ్లు తాగింది. కోపం దిగలేదు గాని, దాని కిందున్న భయం పైకి తేలింది.

ఆ తర్వాత మూడు వారాలు ప్రజ్వల్ వివరాల కోసమని అమ్రోలి ఇంటికి తిరిగాడు. ఒక్కరోజులో అయ్యే పనికి మూడు వారాలెందుకని అడగకండి. కనకయ్య ప్రతిసారీ ఒకే కథ చెప్పేవాడు. సచిన్‌లో మగ్గం మీద పోగు తెగితే, నదికి ఇవతల అమ్రోలిలో పడుకున్న తనకు వినబడి లేచి కూర్చున్నాడట.

“ఆ పోగు ఏం రంగు కాకా?”

“ఎరుపు.”

మర్నాడు అది పసుపు, ఆ తర్వాత నీలం. ప్రజ్వల్ ఒక్కసారి కూడా తప్పు దిద్దలేదు. ప్రతి రంగుకూ కొత్తగా ఆశ్చర్యపోయేవాడు. వంటింటి తలుపు చాటున మౌక్తిక చాలా రోజుల తర్వాత నవ్వింది. ఒక సాయంత్రం అకాలపు వాన పడితే గొడుగు ఇవ్వబోయింది. అతను వద్దని తడుస్తూ పోయాడు. మర్నాడు తుమ్ముతూ వచ్చాడు. వకీలు చదువు తెలివినిస్తుందని ఎవరన్నారో గాని.

రిజిస్ట్రార్ ఆఫీసులో వీలునామా రిజిస్ట్రీ చేయించే రోజు వచ్చింది. పొద్దున ఉన్న తెలివి మధ్యాహ్నానికి ఉండదని డాక్టరు ముందే చెప్పాడు. వీళ్ల వంతు వచ్చేసరికి పదకొండున్నర. సాక్షులిద్దరు: పక్కింటి బాలవ్వ, ప్రజ్వల్. సాక్షుల వివరాల పత్రంలో బాలవ్వ తన పేరు రాసింది. ప్రజ్వల్ పెన్ను తీసుకుని, మళ్లీ బల్ల మీద పెట్టేశాడు.

“నేను సంతకం పెట్టను.”

మౌక్తిక పెన్ను తీసి మళ్లీ అతని ముందుకు జరిపింది.

“పావుగంట ఆగుండ్రి. మా అమ్మ వస్తున్నది, ఆమె పెడ్తది. రింగ్ రోడ్డు మీద ఆటో ఇర్కింది.”

“బాపు దగ్గర పావుగంట ఉన్నదో లేదో నీకు ఎర్కేనా?” అన్నది మౌక్తిక. “మూడు వారాలు మా ఇంట్ల చాయ్ తాగి, ఇయ్యాల గిట్ల చేస్తవా?”

“ఏమయ్యా పిలగా,” అన్నది బాలవ్వ, “పెన్నుల సిరా లేదా, నీకు ధైర్యం లేదా?”

“ధైర్యమే లేకుండె అవ్వా. ఆస్తి ఎవలకు రాస్తున్నరో వాళ్ల మొగుడు సాక్షి సంతకం పెట్టొద్దు. పెడ్తే రాసింది చెల్లది.”

“అయితే? నువ్వు ఎవలి మొగనివి?”

ప్రజ్వల్ చెవులు ఎర్రబడ్డాయి. “ఇయ్యాలైతే ఎవలకూ కాదు. ఇయ్యాల పెట్టినా తప్పు కాదు. కాని రేపు ఆమె ఒప్పుకుంటే, పిల్లను చేసుకున్నోడే సాక్షి అని వాళ్లు కోర్టుల పేచీ పెడ్తరు. ఆ సందు నా వల్ల రావద్దు. అత్త పెట్టొచ్చు, అడ్డం మొగునికే.”

మౌక్తిక గోడ గడియారం చూసింది, బాపును చూసింది, చివరికి ఇతన్ని చూసింది.

“ఈ ముచ్చట చెప్పనీకె నీకు ఈ జాగనే దొరికిందా?”

“పొద్దటి సంది ఫోన్‌ల ఏడుసార్లు రాసి కొట్టేసిన.”

పన్నెండుకు పది నిమిషాలుందనగా అతని తల్లి సంధ్యారాణి రొప్పుతూ వచ్చింది. దోసెల బండి వదిలి వచ్చిన మనిషి, మోచేతి మీద పిండి ఇంకా ఆరలేదు. ఏమీ అడగకుండా మౌక్తిక పక్కన కూర్చుని ఆధార్ కార్డు తీసింది.

అధికారి కనకయ్యను హిందీలో అడిగాడు. “ఈమె ఎవరు?”

“నా బిడ్డ.”

“పేరు?”

కనకయ్య చూశాడు. చాలాసేపు చూశాడు. పేరు అందించబోయిన మౌక్తికను అధికారి చేత్తో ఆపాడు.

“పేరు నేను పెట్టలేదు సాబ్,” అన్నాడు కనకయ్య తనకొచ్చిన మగ్గాల హిందీలో. “పేరుతోనే వచ్చింది. రెండేళ్లది. ఆకలైతే మాత్రం నన్నే అడిగింది. కాగితం లేదంటున్నారు. అందుకే ఇల్లు రాసిద్దామని వచ్చాను.”

అధికారి డాక్టరు రాసిన పత్రం మరోసారి చదివి, వీలునామాను కనకయ్య ముందుకు జరిపాడు. కనకయ్య వంకరటింకరగా సంతకం చేశాడు. పక్కన సాక్షులుగా బాలవ్వ, సంధ్యారాణి చేశారు. ముద్ర పడింది.

మెట్లు దిగుతూ మౌక్తిక మెల్లగా అన్నది. “నా పేరే మర్చిపోయిండు. నీ పేరు అసలే యాదికుండది. నేను బాపును ఇడిసి ఏడికీ రాను.”

“నేనే మీ ఇంటికి వస్త. రోజూ పొద్దున ఆయన దగ్గరికి పోయి, పిల్లనియ్యమని మళ్లా అడుగుత.”

“ఒకరోజు వద్దంటడు.”

“ఆ మర్నాడు అడుగుత.”

అప్పటికే మతి మసకబారిన కనకయ్య ఆగి, ప్రజ్వల్‌ను కింది నుంచి పైదాకా చూశాడు. “ఈ పిలగాడెవలు బిడ్డా?”

మౌక్తిక పక్కకు జరిగి ప్రజ్వల్‌కు దారిచ్చింది.

“నమస్తే మామా. నేను ప్రజ్వల్‌ను. మీ బిడ్డను అడగవచ్చిన.”

“పిల్లనడిగేటోడు నిలబడి అడుగుతడా?” అంటూ కనకయ్య అక్కడే మెట్టు మీద కూర్చుని, పక్కనున్న దుమ్మును అరచేత్తో తుడిచాడు. “కూసో.”