హద్దు రాయి కింద సాక్షులు

గురువారం ఉదయం 8.40. తార్యే ఇంటి తలుపు బార్లా తెరిచి ఉంది.

పొయ్యి మీద కాఫీ ఇంకా వెచ్చగానే ఉంది. కళ్ళజోడు బల్ల మీద ఉంది. మనిషి లేడు. గుమ్మం ముందు పిడికెడంత రాయి పెట్టి ఉంది.

ఫోన్ చేసింది పక్కింటి సిగ్రిడ్. పోలీస్ ఇన్‌స్పెక్టర్ ఇంగ్విల్ వచ్చేసరికి సిగ్రిడ్ లోపలికి అడుగుపెట్టే ధైర్యం చాలక వాకిట్లోనే నిలబడి ఉంది. మూడు రోజులుగా ఎవరో రోజుకొక రాయి ఇలా పెట్టిపోతున్నారని చెప్పింది. తార్యే వాటిని చూసి ఒక్క మాటా అనలేదట. ఎవరు పిలిచినా తలుపు తీయడం మానేశాడట.

పదకొండు గంటలకు భూమి కోర్టు జడ్జి ఆ కొండవాలుకి రావాలి. సిగ్రిడ్ పొలానికీ, దాని పైనున్న హల్వోర్ పొలానికీ మధ్య హద్దు తేల్చాలి. సిగ్రిడ్ ఇంటికి నీళ్ళొచ్చే ఊట ఆ హద్దు దగ్గరే ఉంది. వసంతంలో హల్వోర్ దాని చుట్టూ కంచె వేశాడు. ఊట తమదేనని ఆమె భర్త ఎప్పుడూ అనేవాడు. ఆయన పోయాడు. హద్దు రాయి చూస్తే హల్వోర్ మాటే నిజమంటోంది. ఆ రాయి పాత సంగతులు తెలిసినవాళ్ళలో మిగిలింది డెబ్బై ఎనిమిదేళ్ళ తార్యే ఒక్కడే.

"కేసు వేయకుండా ఉండాల్సింది," అంది సిగ్రిడ్. "నీళ్ళ కోసం ఒక మనిషిని పొట్టన పెట్టుకున్నానేమో."

ఇంగ్విల్ గ్లౌజులు వేసుకుని రాయిని కవర్లో వేసింది. దానికి ఒక పక్క సున్నం ఉంది. వేలికి అంటుకునేంత కొత్త సున్నం.

తరవాత ఇల్లంతా చూసింది. పెనుగులాట జరిగిన గుర్తుల్లేవు. వెనక గది గోడకు నాలుగు మేకులున్నాయి. వాటికి పార, గొడ్డలి, కొడవలి వేలాడుతున్నాయి. నాలుగో మేకు ఖాళీ. దాని కింద గోడ మీద నిలువునా పొడుగాటి తుప్పు చార.

9.05. హల్వోర్ పశువుల కొట్టం. గోడకి కొత్త సున్నం.

"పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకా ఎక్కడున్నారు?"

"ఆవుల దగ్గర."

"చూసినవాళ్ళు?"

"ఆవులే. పిలిచి అడగండి."

"తార్యే కనపడటం లేదు."

హల్వోర్ చేతిలో పాలచెంబు జారిపోయింది. అతని మొహంలో నెత్తురు చుక్క లేదు. అది నటన కాదని ఇంగ్విల్‌కి అర్థమైంది. ఆమె కొండ కిందికి చూసింది. కింద చెరువు. గడ్డి మీద మంచు. కళ్ళజోడు లేని ముసలాయన. ఇతను ఏమీ చేయకపోతే మరి ఆయన ఏమైనట్టు?

ఖాళీ మేకు గుర్తొచ్చి ఆమె హద్దు రాయి దాకా పరుగెత్తింది. అక్కడ ఎవరూ లేరు. పైన బర్చ్ పొదల్లోంచి ఇనుము రాతికి తగిలిన చప్పుడు వినిపించింది. మరుక్షణం ఆగిపోయింది. ఎవరో ఊపిరి బిగబట్టి వింటున్నారు. ఆమె దగ్గర ఆయుధం లేదు. అయినా కొమ్మలు పక్కకి తోసింది.

గుంతలో మోకాళ్ళ మీద తార్యే. రెండు చేతుల్తో గునపం పైకెత్తి ఉన్నాడు.

"దగ్గరికొస్తే కొడతాను, హల్వోర్."

"నేను బాబాయ్, ఇంగ్విల్‌ని."

గునపం కిందపడింది. ఆయన అరచేతులు చిట్లి రక్తం కారుతున్నాయి.

11.00. జడ్జి రాండి రబ్బరు బూట్లతో గుంత దగ్గర నిలబడింది. ఒక పక్క సిగ్రిడ్, ఇంకో పక్క హల్వోర్. తార్యే పోలీసు కోటు కప్పుకుని గుంత అంచున కూర్చున్నాడు.

ఖాళీ మేకు సంగతి ఇంగ్విల్ చెప్పింది. ఎత్తుకుపోయిన మనిషి వెంట గునపం వెళ్ళదు. ఆయన తనంతట తనే తవ్వడానికి బయల్దేరాడు. పొద్దున తలుపు తీయగానే మూడో రాయిని చూసి, ఆ కంగారులో కళ్ళజోడు మర్చిపోయాడు. ఇక ఆ రాయికంటిన సున్నం హల్వోర్ కొట్టం గోడకి ఈ వారమే వేసినది.

హల్వోర్ కాదనలేదు.

తార్యే నెమ్మదిగా చెప్పుకొచ్చాడు. అప్పుడాయనకి పదిహేడేళ్ళు. హల్వోర్ నాన్న దగ్గర పాలేరు. యజమాని చెబితే హద్దు రాయిని పెకలించి, ఊట తమ వైపుకి వచ్చేలా పదకొండు అంగలు కిందికి జరిపాడు. ఆ లోయలో హద్దు రాయి పాతేటప్పుడు ఒక పలక రాయిని రెండుగా చీల్చి దాని అడుగున పూడ్చేవారు. ఆ ముక్కలు ఒకదానికొకటి అతికితే అసలు హద్దు అక్కడేనని రుజువు కాబట్టి వాటిని సాక్షులనేవారు. వాటిని కూడా తీసేయమన్నాడు యజమాని. తార్యేకి చెయ్యి రాలేదు. మట్టి కప్పేసి, తీసేశానని అబద్ధం చెప్పాడు.

"రాయి జరిపినవాడు చచ్చాక దాన్ని మోసుకు తిరుగుతాడంటారు. నేను బతికుండగానే మోస్తున్నా. నా ఒక్కడి మాట ఎవరు నమ్ముతారు? అందుకే ముందు వీటిని వెతికాను."

రాండి గుంతలోకి దిగింది. రెండు పలకలూ తీసి, మట్టి తుడిచి, అంచుకి అంచు ఆనించింది. వెంట్రుక దూరేంత సందు కూడా లేదు.

హల్వోర్ గుంత అంచుకి వచ్చి ఆ పలకల్ని చూశాడు.

"పోయేముందు నాన్న నాకు చెప్పాడు," అన్నాడు హల్వోర్. "ఆయన దొంగ అని కోర్టు కాగితంలో రాస్తారని భయపడ్డాను. ముసలాయన్ని కాస్త బెదిరిస్తే చాలనుకున్నా."

కాగితంలో హద్దు ఎక్కడుందో అదొక్కటే ఉంటుందంది రాండి. సాక్షిని బెదిరించడం వేరే సంగతి, అది తన పని అంది ఇంగ్విల్. సాయంత్రం స్టేషన్‌కి రమ్మంది. అతను తలూపాడు. తీర్పు రాసేలోపు మీలో మీరు ఒప్పుకుంటారా అని జడ్జి అడిగితే, కంచె ఇవాళే పీకేస్తానన్నాడు. సిగ్రిడ్ అతని మొహం చూడకుండానే సరేనంది.

తార్యే మాత్రం లేవలేదు. జడ్జి వైపు తిరిగాడు.

"నన్నెప్పుడు తీసుకెళ్తారమ్మా?"

"ఎక్కడికి?"

"జైలుకి."

"ఇది శిక్ష వేసే కోర్టు కాదు తార్యే గారూ. నేను అడగాల్సింది హద్దు ఎక్కడని. మీరు చెప్పారు. ఇంటికెళ్ళండి."

ఆయన మసక కళ్ళతో ఆమె గొంతు వచ్చిన వైపు చూశాడు.

"అరవై ఏళ్ళుగా ఎవరో ఒకరు వస్తారని వణికిపోతున్నాను," అన్నాడు. "ఈ ఒక్క ముక్క అడగడానికా?"