బావమరిది పట్టిన తాడు

గాజు గొట్టంలోని గొర్రె రక్తం చిటికెలో గడ్డకట్టింది. నల్లమల చెంచు బయన్న తెచ్చిచ్చిన ఎండు దుంపముక్కకే అంత శక్తి! కానీ అందులో ఉన్న మందు ఏమిటో తేలాలంటే పచ్చి దుంప కావాలి. తవ్వగానే మిథనాల్ ద్రావకంలో ముంచకపోతే అది నిమిషాల్లో పాడైపోతుంది. ఆచార్య చక్రపాణి మిథనాల్ సీసా పట్టుకుని నల్లమలకు బయలుదేరాడు.

దుంప ఉన్న గుహ కొండచరియ మధ్యలో ఉంది. బయన్న నారతాడు కొసను బావమరిది ఈదన్న చేతికిచ్చాడు.

"తేనెకు దిగినా తాడు బావమరిదే పట్టుకోవాల సారూ. అక్క ముండమోయాలని వాడు కోరుకోడు గదా."

చక్రపాణి నవ్వాడు. బయన్న, ఆయన ఒకరి తర్వాత ఒకరు దిగారు. పైనుంచి ఈదన్న పిలుస్తుంటే కిందినుంచి బయన్న "ఓ" అని పలుకుతూనే ఉన్నాడు. అది వాళ్ల పద్ధతి.

గుహలో ఒకే ఒక్క తీగ ఉంది. బయన్న దాని వేలెడంత దుంప పెకలించి చక్రపాణికి అందించాడో లేదో, పైరాయి జారి బయన్న తొడను చీల్చేసింది. నెత్తురు బుసబుసా పొంగింది.

"సారూ, దుంప నలిపి పెట్టు. కట్టేస్తాది."

చక్రపాణి చేతిలోని దుంపకేసి చూశాడు. సైన్సు కోసం ప్రాణమిస్తానని ఆయన చాలా సభల్లో చెప్పాడు. ఎవరి ప్రాణమో చెప్పలేదు. సీసా మూత తీసి దుంపను మిథనాల్‌లో ముంచేశాడు.

"ఇది వేలమందిని బతికిస్తుంది బయన్నా."

"ఆ వేలమందిలో నేను లేనా సారూ?"

కాసేపటికి బయన్న పలకడం ఆగిపోయింది.

చక్రపాణి తాడు నడుముకు కట్టుకుని, లాగమన్నట్టు గుంజాడు. తాడు ఆయన్ని సగం దూరం పైకి లేపి గాల్లోనే ఆగిపోయింది. పైనుంచి ఈదన్న తొంగిచూశాడు.

"మా బావ పలకడేంది?"

"రాయి పడింది. రక్తం పోయి చనిపోయాడు. లాగు."

"నెత్తురు కట్టేసే దుంప దొరకలేదా?"

లేదంటే సరిపోయేది. కానీ ఇన్నాళ్ల కల చేతికి చిక్కిన గర్వం ఆయన నోరు మూసుకోనివ్వలేదు. సీసా పైకెత్తి చూపించాడు.

"దొరికింది ఈదన్నా. చెక్కుచెదరలేదు."

ఈదన్న ఆ సీసాను చాలాసేపు చూశాడు. తాడు వదల్లేదు. దాన్ని తెచ్చి మద్దిచెట్టు మొదలుకు గట్టిగా ముడివేశాడు.

"మా అక్కకు చెప్పాల," అన్నాడు. "ఆమె లాగమంటే వచ్చి లాగుతా."

గూడెం ఆ కొండ అవతల, ఒక పగటి నడక దూరంలో ఉంది. చక్రపాణి అరుపులు లోయలో చాలాసేపు తిరిగాయి. సీసాలో దుంప మాత్రం తాజాగానే ఉంది.