ఆ మెలిక నాది కాదు

ఇరవై ఒక్క ఏళ్లుగా ఇన్‌స్పెక్టర్‌ను ఒక్క మాట తొలుస్తోంది.

"ఆ మెలిక నాది కాదు సార్."

ఆ మాట విన్న రోజున అతను కొత్త కానిస్టేబుల్. ఇదే రేస్ ట్రాక్. ఇలాగే పాత కార్ల పందేల వారాంతం. నాలుగో మలుపులో ఒక కారు ముందు చక్రం ఊడిపోయింది. నడుపుతున్న కుర్రవాడు అక్కడికక్కడే పోయాడు. చక్రం బిగించిన మెకానిక్‌ను టైర్ల షెడ్డులో నిలబెట్టారు. బయట వాన. తడిసిన కానిస్టేబుల్ పెన్ను మొరాయించింది. మెకానిక్ తన చెవి వెనక నుంచి పెన్సిల్ తీసి ఇచ్చాడు.

"రాసుకోండి సార్. తర్వాత ఇద్దురు గాని."

ఆ పెన్సిల్‌తోనే కానిస్టేబుల్ అతని మీద నేరం రాశాడు. నట్టు బిగించడంలో నిర్లక్ష్యం. మెలిక సంగతి మాత్రం రాయలేదు. ఏదో కుట్ర, తిరకాసు గురించి అంటున్నాడనుకున్నాడు. పై అధికారీ అలాగే అనుకున్నాడు. "మెలికలు తర్వాత పెడుదువు గాని, ముందు సంతకం పెట్టు" అని కసిరాడు.

మెకానిక్‌కు ఏడాది జైలు. బయటికొచ్చాక ఏ షెడ్డూ అతన్ని గుమ్మం ఎక్కనివ్వలేదు.

పెన్సిల్ మాత్రం కానిస్టేబుల్ జేబులోనే ఉండిపోయింది.

దేవుడు అన్నీ చూస్తాడని ఇన్‌స్పెక్టర్ నమ్ముతాడు. రోజూ పొద్దున్నే దణ్ణం పెట్టుకుంటాడు. చూసినవాడు సాక్ష్యం చెప్పడేం స్వామీ, అని కూడా అడుగుతాడు. జవాబు రాలేదు.

ఈ ఆదివారం, పగలు 11:42కి, వైర్‌లెస్ మోగింది.

"సార్, నాలుగో మలుపు. గట్టు వెనక బాడీ."

* * *

నాలుగో మలుపు దగ్గర పొడుగాటి మట్టి గట్టు. చవక టికెట్ల జనం అక్కడ చాపలూ గొడుగులూ వేసుకుని కూర్చుంటారు. గట్టు వెనక నీళ్ల కుళాయిల దగ్గరికి ఇనుప మెట్లు దిగుతాయి. పంతొమ్మిది మెట్లు.

ఆఖరి మెట్టు దగ్గర ఒక ముసలాయన బోర్లా పడి ఉన్నాడు. మెడ విరిగింది.

మొహం తిప్పి చూడకముందే ఇన్‌స్పెక్టర్‌కు తెలిసిపోయింది. గట్టు మీద అందరూ ఆయన్ని స్టాప్‌వాచ్ తాత అంటారు. ఏటా టికెట్ కొనుక్కుని, అదే చోట కూర్చుని, ప్రతి కారు ప్రతి చుట్టుకీ పట్టిన టైమూ, అప్పటి గడియారం టైమూ నోటుబుక్కులో రాసుకునే తాత. ఒకప్పటి మెకానిక్. పెన్సిల్ తిరిగి ఇద్దామని ఇన్‌స్పెక్టర్ మూడేళ్లలో మూడుసార్లు గట్టు దాకా వచ్చాడు. మూడుసార్లూ ముఖం చెల్లక వెనక్కి తిరిగాడు.

ఇక ఇవ్వడానికి మనిషి లేడు.

ఎస్సై పరుగున వచ్చాడు. కుర్రవాడు, చురుకైనవాడు.

"కేసు తేలిపోయినట్టే సార్. అల్లుడు. పొద్దున తొమ్మిదిన్నరకి మామతో గొడవ పడ్డాడు. 'మీరు పోతే గాని ఈ పిచ్చి పోదు' అన్నాడట. పక్క చాపవాళ్లు ముగ్గురు విన్నారు. పదకొండుంపావుకి బాటిల్ పట్టుకుని ఈ మెట్లే దిగాడు."

"తోస్తుండగా చూసినవాళ్లు?"

"లేరు సార్. అప్పుడు మెమోరియల్ కారు పరుగు, ఆనాడు ఇక్కడ పోయిన కుర్రవాడి కారు. అందరూ లేచి నిలబడ్డారు."

గట్టు మీద రెండు వేల మంది. ఒక్కరూ వెనక్కి చూడలేదు. చూడటానికే వచ్చినవాళ్లు. చూడవలసింది ముందుంది మరి.

అల్లుడు మెట్ల పక్కన కూలబడి ఉన్నాడు. పార్సిల్ వ్యాన్ డ్రైవరు. చేతిలో నీళ్ల బాటిల్ ఇంకా అలాగే ఉంది.

"ఆ మాట అన్నావా?"

"అన్నాను సార్. ఆయన్ని దొంగని చూసినట్టు చూసిన చోటికే ఏటా ఎందుకు మామయ్యా అని అడిగాను. కోపంలో నోరు జారింది. నీళ్లు పట్టుకుని అటు వైపు దారిన గట్టెక్కాను. అక్కడ ఆయన లేడు. వెతికితే ఇక్కడ..."

తాత కూతురు గొడుగు కింద నిలబడి ఉంది. బట్టలు కుట్టే మనిషి. మెడలో కొలతల టేపు అలాగే ఉంది, తీయడం మరిచిపోయి వచ్చినట్టుంది. ఏడవడం లేదు. ఇన్‌స్పెక్టర్ ఛాతీ మీది పేరుపట్టీ కేసి చూసింది.

"మీరేనా? మా నాన్న చెప్పేవాడు లెండి. అప్పుడు మామ మీద రాశారు. ఇప్పుడు అల్లుడి మీద రాయండి. వంశపారంపర్యంగా మా ఇంటికే వస్తున్నారు." ఆగింది. "రాయడానికి పెన్సిల్ ఉందా? లేకపోతే అడగండి. ఇచ్చే ఇల్లే మాది."

ఎస్సై గద్దించబోయాడు. ఇన్‌స్పెక్టర్ చెయ్యెత్తి ఆపాడు.

ఆ క్షణాన అతను ఒకటి నిశ్చయించుకున్నాడు. ఈ ట్రాక్ మీద తన చేతి రాతతో ఇంకో అమాయకుడు జైలుకి పోకూడదు.

"అమ్మా, ఆ నోటుబుక్కు ఒకసారి ఇస్తారా?"

* * *

మెమోరియల్ కారు పేజీ. పరుగు మొదలు 11:10. మొదటి చుట్టు, రెండో చుట్టు... ఆరో చుట్టు. గడియారం టైము 11:21. ఏడో చుట్టు గడి ఖాళీ.

ఆ పేజీ పైన, టైములకు ముందే, వంకర అక్షరాలతో ఒక వాక్యం ఉంది.

పెట్టెలో ఉన్న మెలిక నాది కాదు.

ఇన్‌స్పెక్టర్ ఆ వాక్యం రెండోసారి చదివాడు.

"ఏం పెట్టె? ఏం మెలిక?"

"పెట్టె సంగతి నాకు తెలీదు. మెలికంటే తీగ మెలిక." ఆమె టిఫిన్ క్యారియర్ ముందుకు జరిపింది. విరిగిన పిడికి ఇనప తీగ చుట్టి మెలేసి ఉంది. "చక్రం నట్టు బిగించాక అది తిరిగిపోకుండా తీగ కట్టి మెలేస్తారు. మా నాన్నది ఎడమ చెయ్యి. అందరూ కుడికి తిప్పితే ఆయన ఎడమకి తిప్పేవాడు. ఇంట్లో ప్రతి తీగా అంతే. మా అమ్మ విప్పలేక, 'ఈ మనిషి తిన్నగా తిప్పింది ఒక్క నా మనసే' అని తిట్టేది."

"ఈ సంగతి అప్పుడు చెప్పలేదా?"

"చెప్పనిస్తే కదా! జైలు నుంచి వచ్చాక నలుగురికీ చెప్పాడు. చక్రం ఏదీ అన్నారు. చక్రం కారువాళ్లు పట్టుకుపోయారు."

ఇన్‌స్పెక్టర్ క్యారియర్ పిడి వంక చూస్తూ ఉండిపోయాడు. ఇరవై ఒక్క ఏళ్ల సందేహం. ఎంత చిన్న మాట! మెలిక అంటే మెలికే. కుట్ర అనుకున్నది తన బుర్ర. ఇంకొక్క ప్రశ్న వేసి ఉంటే సరిపోయేది.

* * *

ప్రదర్శన టెంట్. మధ్యలో గాజుపెట్టె. అందులో ఆనాడు ఊడిపోయిన చక్రం. చక్రానికి పూలదండ. పక్కన చనిపోయిన కుర్రవాడి ఫోటో. ఈ పందేలు నడిపే క్లబ్ ప్రెసిడెంట్ ఆ కుర్రవాడికి సొంత అన్న. తమ్ముడి కారును బాగు చేయించి, ఈ ఏడే మొదటిసారి జనానికి చూపిస్తున్నాడు.

ఇన్‌స్పెక్టర్ మోకాళ్ల మీద కూర్చున్నాడు. చక్రం నట్టు రంధ్రంలో తుప్పుపట్టిన తీగ ముక్క. తెగిన చోట కూడా మెలిక చెదరలేదు. చేతిలోని క్యారియర్ పిడి పక్కన పెట్టి చూశాడు.

పిడి మీద ఎడమ మెలిక. పెట్టెలో కుడి మెలిక.

టెంట్ కాపలాదారు దగ్గరికి వచ్చాడు.

"పొద్దున పదీ ఇరవైకి ఒక తాత కూడా ఇలాగే కూర్చున్నాడండి. అరగంట లేవలేదు. నవ్వుతాడు, కళ్లు తుడుచుకుంటాడు. ఎండదెబ్బేమో అనుకున్నా. పోతూ పోతూ ఒక కబురు చెప్పమన్నాడు."

"ఎవరికి?"

"ప్రెసిడెంట్ గారికండి. 'మెలిక కుడిది, నాది ఎడమ చెయ్యి. నాలుగో మలుపులో ఉంటాను, రమ్మను' అని."

"చెప్పావా?"

"చెప్పానండి. పదకొండుకి. ఆయన మొహం ఆముదం తాగినట్టు అయిపోయింది."

ఇన్‌స్పెక్టర్ లేవబోయి ఆగాడు.

ఆముదం.

ఇందాక గట్టు మీద ముక్కుకి తగిలిన వాసన అదే.

* * *

సాయంత్రం 4:30. టైమింగ్ రూమ్. అద్దాల కిటికీలు. బల్ల చుట్టూ ప్రెసిడెంట్, అల్లుడు, కూతురు, కాపలాదారు. తలుపు దగ్గర ఎస్సై.

ప్రెసిడెంట్ తెల్ల చొక్కా మీద చిన్న మరక కూడా లేదు. తెల్ల టోపీ బల్ల మీద పెట్టాడు.

"తొందరగా కానివ్వండి ఇన్‌స్పెక్టర్ గారూ. బహుమతులు ఇవ్వాలి."

"అయిపోతుంది సార్. పదకొండు నుంచి ఎక్కడున్నారు?"

"గెస్ట్ స్టాండ్‌లో. కబురు తెలిసేదాకా కదల్లేదు. పక్కన అందరూ ఉన్నారు."

"వాళ్లూ కారునే చూస్తున్నారు సార్. మీ కుర్చీని కాదు. తాత పంపిన కబురు అందిందా?"

"ఏదో పిచ్చి కబురు. పట్టించుకోలేదు."

"తమ్ముడి గారి కారు దగ్గరికి వెళ్లారా?"

"నేను దాన్ని ముట్టుకోను. ఇరవై ఒక్క ఏళ్లుగా ముట్టుకోలేదు. పొద్దున మైకులో కూడా చెప్పాను."

"విన్నాను సార్. పరుగు ముందు గాని, తర్వాత గాని దగ్గరికి వెళ్లలేదు?"

"లేదన్నానుగా!"

ఇన్‌స్పెక్టర్ కూతురి వైపు తిరిగాడు. "అమ్మా, మీ గొడుగు తెరవండి."

గొడుగు గుడ్డ మీద ఆవగింజలంత గోధుమరంగు చుక్కలు.

"ఇవేమిటి?"

"ఆముదం. ఆ కారు ఇంజన్‌లో ఆముదమే పోస్తారని నాన్న చెప్పాడు. మలుపులో పొగతో పాటు చిమ్ముతుంది. గట్టు మీద అందరికీ పడింది. టికెట్‌తో పాటు ఆముదం ఫ్రీ అని నవ్వుకున్నాం. నాన్న కూడా నవ్వాడు."

అల్లుడి చొక్కా భుజాల మీదా అవే చుక్కలు.

"మిగతా కార్లన్నిటిలో మామూలు ఆయిలు. విచారించాను. ఆముదం పోసేది ఈ ఒక్కదానికే. 10:45కి లారీలోంచి దించారు. 11:05కి మొదటిసారి స్టార్ట్ చేశారు. 11:30కి ఆపారు. మళ్లీ స్టార్ట్ చేయలేదు. గాలి పొద్దుటి నుంచి పడమట నుంచి తూర్పుకి. గెస్ట్ స్టాండ్ పడమర. గట్టు తూర్పు. గెస్ట్ స్టాండ్‌లో ఎవరి బట్టల మీదా ఒక్క చుక్క లేదు."

ఇన్‌స్పెక్టర్ బల్ల మీది టోపీని చేతిరుమాలుతో పట్టుకుని మెల్లగా తిప్పాడు.

అంచు నిండా గోధుమరంగు చుక్కలు.

"చొక్కా మార్చారు సార్. టోపీ మరిచారు. వాసన కూడా మీకు తెలియలేదు. పుట్టినప్పటి నుంచి ఆ ఇంజన్ల మధ్య పెరిగారు కదా! చేపల బుట్ట మోసేవాడికి చేపల వాసన తెలియదు."

బయట ఏదో పాత ఇంజన్ దగ్గుతోంది.

"నాన్న పేజీలో ఆరో చుట్టు 11:21కి ఉంది," కూతురు మెల్లగా అంది. "ఏడోది లేదు. ఆయన ఒక్క చుట్టు కూడా వదలడు. ఎవరో పిలిస్తేనే లేచాడు."

"మీరు టోపీతో గట్టెక్కారు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "ఆయన్ని కుళాయిల వైపు పిలిచారు. ఏం అడిగాడు సార్ ఆయన? డబ్బా?"

ప్రెసిడెంట్ గొడుగు వంక చూశాడు.

"కాదు. మైకులో చెప్పమన్నాడు. తప్పు తనది కాదని ఒక్కసారి, అంతే. ఆ రోజు మావాడు గెలవకూడదనుకున్నాను. అంతే అనుకున్నాను. చక్రం కాస్త కదిలితే పందెం నుంచి తప్పుకుంటాడనుకున్నాను. నట్టు వదులు చేసి, మళ్లీ తీగ కట్టాను. వాడు చావాలని కాదు. వాడు నా తమ్ముడు."

"మరి ఈ రోజు?"

"అరవొద్దన్నాను. చెయ్యి పట్టుకున్నాను. విదిలించుకున్నాడు..."

"రెండుసార్లూ ఇంతే కదా సార్. అప్పుడు కాస్త వదులు చేశారు. ఇప్పుడు కాస్త నెట్టారు. నెట్టాక కిందికి దిగి ఒక్కసారి చూశారా?"

ప్రెసిడెంట్ తల పక్కకి తిప్పుకున్నాడు.

"మీ తప్పునే గాజుపెట్టెలో పెట్టి దండ వేశారు. ఎవరికీ తెలియదనుకున్నారు. మెలేసిన చెయ్యి ఎవరిదో తీగకి తెలుసు."

ఎస్సై బేడీలు తీశాడు. వేసేముందు అల్లుడి వైపు చూసి తల దించుకున్నాడు.

* * *

గది ఖాళీ అయింది. కూతురు నోటుబుక్కు, స్టాప్‌వాచ్, క్యారియర్ సంచిలో సర్దుకుంటోంది.

"పాత కేసు తెరిపిస్తాను," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "నేను రాసింది తప్పని కోర్టులో నేనే చెబుతాను. ఉద్యోగం ఏమైనా సరే."

"చెప్పండి," అంది ఆమె. "ఆయన వినడు. అయినా చెప్పండి."

అతను జేబులో చెయ్యి పెట్టాడు. వేలెడంత పెన్సిల్ తీశాడు. ఎరుపు రంగు సగం ఊడిపోయింది.

"మీ నాన్నగారిది. తర్వాత ఇద్దురు గాని అన్నారు. ఆలస్యమైంది."

ఆమె అందుకుంది. వెలుతురులో పెట్టి చూసింది. చివర కొరికిన గుర్తులు. బొటనవేలితో వాటిని తడిమింది.

"నాన్న పళ్లే," అంది. అప్పుడు ఏడ్చింది.

కాసేపటికి కొంగుతో కళ్లు తుడుచుకుంది. సంచి భుజాన వేసుకుంది. పెన్సిల్‌ను సంచిలో వేయలేదు. ఎడమ చెవి వెనక పెట్టుకుని మెట్లు దిగింది.