రేపటి పులుసు

తాతారావు ఓవెన్ తలుపు చుట్టూ వలతాడు బిగించి ఉంచాడు, ముడి మీద ముడి. అది చూసి డాక్టర్ ప్రమీల తల పట్టుకుంది. కాలాన్ని ఆపే యంత్రం కనిపెట్టిన మనిషి ఆవిడ. దాన్ని పడవలా కట్టేసిన వాణ్ణి చూడటం ఇదే మొదలు.

"కొక్కెం ఇరిగిపోనాదమ్మా. మరేటి సెయ్యను?" అన్నాడు ముసలాయన.

ఇప్పుడు విశాఖలో ఇంటింటా ఉన్న నిలుపు పెట్టెలకు ఇది తాత. పరీక్ష కోసం పాత మైక్రోవేవ్ ఓవెన్ డబ్బాలో ప్రమీల అమర్చి, జాలరిపేటలో ఈ ఇంటికి ఇచ్చిన తొలి మోడల్. సిద్ధాంతం కొండంత ఉన్నా వాడకం గోరంతే. తలుపు కొక్కేనికున్న రెండు కొనలూ లోపలి రెండు స్విచ్‌లను నొక్కితే పెట్టెలో కాలం ఆగిపోతుంది. ఒక కొన విరిగిందా, కాలం సందు చూసుకుని మెల్లగా లోపలికి దూరుతుంది.

తాతారావు పెట్టెలో ఉన్నది చేపల పులుసు. పదేళ్ళ కిందట భార్య దానమ్మ వండింది. "ఇయ్యాల ముట్టుకోకు. రేపటికి ముక్కకి పులుసు పడతాది" అని చెప్పి పడుకుంది, మళ్ళీ లేవలేదు. ఆ చట్టిని పెట్టెలో పెట్టి తలుపు వేశాడు. అప్పట్నుంచీ ఎవరేం వండిపెట్టినా గడ్డి నమిలినట్టే తిన్నాడు. "దానమ్మ సెయ్యి పడని కూడూ ఒక కూడేనా?" అని పెట్టినవాళ్ళ మొహం మీదే అనేవాడు.

ప్రమీల కరెంటు తీయించి, తాళ్ళు విప్పించి, చట్టి బయట పెట్టింది. ఘాటైన పులుసు వాసనకు ఆవిడ నోరూరింది. ఆయన మాత్రం ముక్కు కూడా ఎగబీల్చలేదు. ధ్యాసంతా కొక్కెం మీదే. ఆవిడ చెబుతుంటే తలుపు లోపలి ప్లాస్టిక్ చట్రాన్ని చాకుమొనతో ఊడదీశాడు. స్ప్రింగు తప్పించి విరిగిన కొక్కెం లాగేసి, ఆవిడ తెచ్చిన కొత్తది దూర్చి, స్ప్రింగు మళ్ళీ తగిలించాడు. తలుపు వేస్తే రెండు స్విచ్‌లూ టక్‌టక్‌మన్నాయి.

"తాడు కట్టి ఉంచిన ఈ రోజుల్లో లోపల ఒక రాత్రి గడిచిపోయింది, తాతారావు గారూ" అంది ప్రమీల, తప్పు తనదైనట్టు.

ముసలాయన కళ్ళు మెరిశాయి. "అంటే రేపొచ్చీసిందా అమ్మా?"

ఇద్దరికీ వడ్డించాడు. ప్రమీల ఒక ముద్ద తినేసరికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అంత బాగుంది. తాతారావు నమిలాడు. మళ్ళీ నమిలాడు.

"ఉప్పేసిందా?"

"సరిపోయింది."

"పులుపు?"

"ఉందండీ."

ఆయన లేచి ఉప్పు డబ్బాలోంచి ఇంత తీసి నోట్లో వేసుకున్నాడు. ఇసకలా కరకరలాడింది, అంతే. ప్రమీలకు విషయం అర్థమైంది. పులుసుకు వయసు రాకుండా ఆపింది గానీ, తినేవాడి నాలుకను పెట్టెలో పెట్టలేదు కదా!

"నాలిక ఎప్పుడు సచ్చిపోనాదో! ఇన్నేళ్ళూ దానమ్మ నేకే రుసి పోనాదనుకున్నాను" అన్నాడు తాతారావు.

పక్కన పడున్న విరిగిన కొక్కేన్ని చేతిలోకి తీసుకున్నాడు. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, నాలుక బయటపెట్టి వేలితో తాకాడు.

"దీనికి పార్టు దొరుకుతాదేటమ్మా?"

ప్రమీల తల వంచుకుని స్క్రూడ్రైవర్ సంచిలో పెట్టుకుంది.