తెరిచి ఉంచిన సెషన్

హాలిఫాక్స్ రేవులో కాఫీ కొనుక్కుంటుండగా డెస్మండ్ గిల్లిస్ ఛాతీలో రెండు గుళ్ళు దిగాయి. పదకొండేళ్ళుగా మారుపేరుతో పనిచేసిన గూఢచారి అతను. అసలు పేరు శత్రువులకి ఎవరో అందించారు.

మూడో రోజు ఒటావాలో చీఫ్ మెక్‌నాబ్ అతని పార్ట్‌నర్ కోరిన్‌ని పిలిచాడు.

"ఏజెంట్ల ఫైళ్ళు ఎవరు తెరిచారో డేటాబేస్‌లో లాగ్ ఉంది. దాన్ని చూసుకునేది ఇలోనా వాస్. మనకీ పనిచేస్తుంది, శత్రువులకీ పనిచేస్తోందని నా అనుమానం. ఇవాళ పన్నెండింటికి లాగ్ చెరిపేస్తుందట."

"ఇప్పుడే కాపీ తీసేద్దాం చీఫ్."

"వారెంట్ లేకుండా లాగ్ చదివితే కోర్టులో చెల్లదు, దానిమీద జడ్జి సంతకం పడాలి. అది పన్నెండు దాటాకే."

"అయితే పన్నెండుకి ముందు నేను లోపలుండాలి," అంది కోరిన్. "ఇలోనాని మాత్రం నాకు వదిలెయ్యండి."

పదకొండూ యాభైకి ఏసీ మెకానిక్ వేషంలో సర్వర్ గదిలోకి వెళ్ళింది. టెర్మినల్లో సెషన్ తెరిచి, ట్రాన్సాక్షన్ మొదలుపెట్టి, డేటా ఆ క్షణంలో ఉన్నదున్నట్టు మరో సెషన్లోనూ కనిపించేలా స్నాప్‌షాట్‌ని ఎగుమతి చేసింది. తెరమీద దాని నంబరు వచ్చింది. కాలరుకున్న మైకులో, హెడ్‌క్వార్టర్స్‌లో కంప్యూటర్ ముందున్న రూబెన్‌కి చదివి వినిపించింది.

"సంతకం పడగానే నీ సెషన్లో ఈ నంబరు ఎక్కించు. తర్వాత ఎవరేం చెరిపినా, ఈ క్షణంలో ఉన్నదే నీకు కనిపిస్తుంది."

"అప్పటిదాకా నీ ట్రాన్సాక్షన్ మూసుకుపోకూడదు. పోయిందా, నంబరు చెల్లదు," అన్నాడు రూబెన్.

పన్నెండు కొట్టింది. లాగ్ ఖాళీ అయింది. రెండు నిమిషాలకి తలుపు తెరుచుకుంది. ఎర్ర కోటు, ఖరీదైన సెంటు వాసన, చేతిలో పిస్తోలు.

"కోరిన్! ఆ టోపీ నీకు అస్సలు నప్పలేదు," అంది ఇలోనా నవ్వుతూ. "పక్కకి జరుగు."

"డెస్మండ్ నీ ఇంట్లో భోంచేశాడు."

"బాగా తిన్నాడు కూడా."

కోరిన్ టెర్మినల్ ముందునుంచి కదల్లేదు. ఇలోనా చెయ్యి టెర్మినల్ వైరు మీద పడింది.

"సంతకం పడింది!" చెవిలోని ఇయర్‌ఫోన్‌లో రూబెన్ అరిచాడు. "ఎక్కిస్తున్నా... పట్టుకుంది!"

అదే క్షణంలో వైరు ఊడింది, తెర నల్లబడింది.

"ఇక నా సెషన్ పోయినా ఫర్లేదు," అంటూ కోరిన్ స్పానర్‌తో ఆమె మణికట్టు మీద కొట్టింది. పిస్తోలు కింద పడింది. మరుక్షణం అది ఇలోనా నుదుటికి ఆనింది.

"లాగ్‌లోని నాలుగు వేల వరుసలూ ఉన్నాయి. డెస్మండ్ ఫైలు తెరిచింది ఇలోనా ఖాతానే," అన్నాడు రూబెన్.

కోరిన్ వేలు ట్రిగ్గర్ మీదికి వెళ్ళింది. చివరికి తీసేసింది.

"ఒక్క గుండుతో నిన్ను వదలను. డెస్మండ్ తల్లి ముందు, కోర్టులో నిలబడి, మాకు దొరికిన ఆ లాగ్ వరుసలన్నీ నువ్వు వినాలి."

"అబద్ధం!" ఇలోనా కేకపెట్టింది. "ఒక్క వరుస మిగల్చకుండా నేనే చెరిపేశాను!"

రూబెన్ మెల్లిగా దగ్గాడు.

"కోరిన్, ఆవిడని కొంచెం మైకు దగ్గరికి రమ్మను. రికార్డింగులో చివరి మాట సరిగ్గా పడలేదు."